కొత్త పేజీలో పెద్ద అక్షరాలు

జూన్ 3, సోమవారం

మొన్న శనివారం ఉదయం ఏం జరిగిందో మొదటి నుంచి చివరి వరకు రాసుకుంటాను. అది ప్రత్యేకమైన ఉదయమేమీ కాదు. అందుకే రాయాలి. ఒక మామూలు ఉదయాన్ని పూర్తిగా గుర్తు తెచ్చుకోగలిగితే నా బుర్ర బాగానే ఉన్నట్టు.

తెల్లవారకముందే లేచాను. ముఖం కడుక్కుని కిటికీ దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. అమ్మ పోయిన దగ్గర్నుంచి ప్రార్థనలో అడగడానికి పెద్దగా ఏమీ ఉండడం లేదు. ఇంట్లో వాళ్ళను వరసగా తలుచుకుంటాను, అంతే. తమ్ముడు, మరదలు, చెల్లి. చెల్లి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. తరువాత టీ పెట్టుకున్నాను. ఒక్క మనిషికి టీ పెట్టడం నాకింకా చేతకాలేదు, రెండో కప్పుకు సరిపడా మిగులుతుంది. చల్లారాక అదీ నేనే తాగుతాను.

మెట్లు దిగి, లోపలి తలుపు తీసి మా టైపింగు షాపులోకి వెళ్ళాను. షట్టరు సగం ఎత్తాను. పూర్తిగా ఎత్తితే నడుం పట్టేస్తుంది. మిగతా సగం మొదట వచ్చిన మనిషి ఎత్తాలి, అది మా షాపు ఆనవాయితీ. బల్ల, కీబోర్డు, తెర గుడ్డతో తుడిచాను. తెర మధ్యలో రోజూ ఉండే జిడ్డు మరకే ఉంది. కుర్చీ కిందికి దిగిపోయి ఉంటే పైకి లేపుకున్నాను. కంప్యూటరు వేసి, కొత్త పేజీ తెరిచాను.

అక్షరాలు పెద్దవిగా వచ్చాయి.

నాన్న ఈ కంప్యూటరు కొన్న రోజు నుంచి మా షాపులో ప్రతి కాగితమూ పన్నెండు సైజులోనే మొదలవుతుంది. శనివారం తెరిస్తే పదహారు. శుక్రవారం మధ్యాహ్నం నేను పైకి వెళ్ళేముందు పన్నెండు చేసి పెట్టాను. గురువారమూ చేశాను. బుధవారమూ చేశాను.

చేశానా?

అదే తేలాలి. అందుకే ఈ రాత. ఇది నాకోసమే.


జూన్ 4, మంగళవారం

మధ్యాహ్నం మూసేముందు సరిచేశాను. పన్నెండు అని నా కళ్ళతో చూశాను. చూసి పైకి వచ్చి ఇక్కడ రాశాను.


జూన్ 5, బుధవారం

పదహారు.

పైన రాసింది నా చేతిరాతే. మంగళవారం సరిచేశానని ఉంది. మూడుసార్లు చదువుకున్నాను.

చెల్లికి ఫోను చేశాను. నేను మధ్యాహ్నం పైకి వెళ్ళిపోయాక సాయంత్రాలు షాపులో అదే కూర్చుంటుంది.

“చిట్టీ, అక్షరాల సైజు నువ్వేమన్నా మార్చావా?”

“నేనెందుకు మారుస్తానక్కా?”

“కొత్త పేజీ తెరిస్తే పెద్దవిగా వస్తున్నాయి.”

“నాకు మామూలుగానే వస్తున్నాయే. పాతబడిపోయిందిలే మెషీను. ఉంటానక్కా, పొయ్యి మీద పెట్టి వచ్చాను.”

నేను ఎప్పుడు ఫోను చేసినా దాని పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది.

ఇదివరకు ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. నేను టైపు చేసేదాన్ని, అది ప్రూఫు చూసేది. అమ్మ పోయిన నెలలోనే, ‘పగలు తలనొప్పిగా ఉంటోంది, నేను సాయంత్రాలు వస్తాను, పొద్దున నువ్వు చూసుకో’ అంది. తలనొప్పి మాట నేను నమ్మలేదు. అమ్మ మంచాన ఉన్న రోజుల్లో దాన్ని నేనేదో అని ఉంటాను. అది మనసులో పెట్టుకుంది. ఏమన్నానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాదు. గుర్తు రాకపోవడం కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తుంది.

దాని కుర్చీ పైకి తెచ్చుకున్నాను. ఉతికిన బట్టలు దాని మీద వేస్తున్నాను.


జూన్ 6, గురువారం

వకీలుగారి పిటిషను పాడుచేశాను.

నాన్న మా ఇద్దరికీ టైపురైటరు మీద నేర్పాడు. కళ్ళు రాతప్రతి మీద ఉండాలి, వేళ్ళ మీద కాదు, టైపయ్యే కాగితం మీద అసలే కాదు. తల ఎత్తితే నెత్తిన స్కేలుతో ఒక్కటి వేసేవాడు. ఇప్పటికీ మొత్తం అయ్యేదాకా నేను తెర వైపు చూడను. నిన్న పొద్దున వచ్చీరాగానే సైజు సరిచేసుకున్నాను. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. మళ్ళీ కొత్త పేజీ తెరిచి టైపు చేశాను. సైజు మళ్ళీ చూసుకోలేదు. వకీలుగారి గుమస్తా తొందరపెడుతుంటే ప్రింటు తీసి ఇచ్చేశాను.

ఈ రోజు వకీలుగారు తనే వచ్చారు.

“అక్కగారూ, ఇది పిటిషనా, గోడకు అంటించే పోస్టరా?”

“ఏమైందండీ?”

“జడ్జిగారు కళ్ళద్దాలు తీసేసి మరీ చదివారు. ఆయన కళ్ళకు సేవ చేశారు మీరు. చదివి వెనక్కి పంపేశారు.”

అప్పటికప్పుడే సరిచేసి మళ్ళీ తీసిచ్చాను. ఆయన కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, “మీ చేతి నుంచి ఇలాంటిది ఎప్పుడూ రాలేదమ్మా,” అన్నారు. తిట్టినా బాగుండేది.


జూన్ 7, శుక్రవారం

వకీలుగారి సంగతి తమ్ముడి దాకా వెళ్ళింది. ఆఫీసు నుంచి నేరుగా పైకి వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడితే వాడేదో కష్టమైన మాట తెచ్చాడని అర్థం.

“పెద్దక్కా, నేనేమీ అనడం లేదు.”

“అనకుండా ఇంత దూరం రావుగా. కూర్చో.”

కూర్చున్నాడు. “అమ్మకు కూడా మొదట్లో ఇంతే కదా. స్టవ్వు ఆపానని ఒట్టు పెట్టి చెప్పేది. వెళ్ళి చూస్తే మండుతూ ఉండేది.”

“నేను స్టవ్వు ఆపుతున్నాను.”

“సైజు మార్చానని కూడా అంటున్నావుగా. ఒకసారి డాక్టరుకు చూపిద్దాం. ఊరికే, మన తృప్తి కోసం.”

“ముందు మెషీనుకు చూపించు. దానికి ఏమీ లేదంటే అప్పుడు నేను వస్తాను.”

నవ్వాడు. వాడు నవ్వితే చిన్నప్పటిలాగే పై పెదవి ఒక పక్కకు పోతుంది. ఆ నవ్వు పూర్తవకముందే కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు.

అమ్మ చివరిలో నన్ను ‘ఎవరి అమ్మాయివి’ అని అడిగేది. వాడికీ అది గుర్తుంటుంది.


జూన్ 8, శనివారం

స్క్రూడ్రైవరు వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసే మనిషికి చెల్లి పెట్టిన పేరు అది. జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు ఉంటుంది, దాన్ని వాడగా ఇంతవరకు ఎవరూ చూడలేదు.

నా వెనక నిలబడే పని చేశాడు. తెర అడుగున కుడిమూల ఒక చిన్న గీత ఉంది, దాని మీద బిళ్ళ లాంటిది. దాన్ని పక్కకు జరిపితే పేజీ మొత్తం ఉబ్బింది. నేను కుర్చీలోంచి సగం లేచాను.

“కంగారుపడకండమ్మా. నిలబడి చూడ్డానికి నాకోసం పెద్దది చేసుకున్నాను. ఇది భూతద్దం లాంటిది. కాగితం మీద ఏమీ మారదు.”

తరువాత చెప్పాడు. కొత్త పేజీ తెరిచినప్పుడల్లా మెషీను ఒక అచ్చును చూసి దించుకుంటుందట. డిఫాల్టు టెంప్లేటు అంటారు. ఆ అచ్చులో సైజు మారితే ఆ తరువాత తెరిచే ప్రతి కొత్త పేజీ అలాగే వస్తుంది. అందుకని పాత అచ్చుకు ‘పాతది’ అని పేరు మార్చి పక్కన పెట్టాడు. మెషీను తెరిస్తే అచ్చు కనపడక అదే కొత్తది తయారుచేసుకుంది. అందులో పన్నెండు పెట్టించాను.

“మూసేటప్పుడు ప్రశ్న ఏమన్నా అడుగుతుందా? అచ్చులో మార్పులున్నాయి, సేవ్ చేయమంటారా అని?”

“అడుగుతుంది.”

“ఏం నొక్కుతారు?”

“అవును అని.”

“ప్రతిసారీనా?”

“సేవ్ చేయమంటారా అని అడిగితే వద్దని ఎవరంటారు?”

తల గోక్కున్నాడు. వెనకెప్పుడో ఒక పిల్లవాడి థీసిస్ మొత్తం సేవ్ చేయక పోయింది. ఆ రోజు నుంచి నాన్న మా ఇద్దరికీ ఒకటే మాట. మెషీను ఏది అడిగినా దాచెయ్యండి.

చెల్లి సాయంత్రం రానని ఫోను చేసింది. తలనొప్పట.


జూన్ 9, ఆదివారం

సెలవు. ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రార్థన బిగ్గరగా చేసుకున్నాను, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి.


జూన్ 10, సోమవారం

పన్నెండు!

దేవుడా, నీకు వందనం. తెర మీద తుడవడానికి మరక కూడా లేదు. కుర్చీ ఎక్కడ పెట్టినది అక్కడే ఉంది. తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. “అమ్మయ్య,” అన్నాడు.

టీ సరిగ్గా ఒక కప్పే వచ్చింది.


జూన్ 11, మంగళవారం

పద్దెనిమిది.


జూన్ 12, బుధవారం

స్క్రూడ్రైవరును తమ్ముడే వెంటబెట్టుకొచ్చాడు. అచ్చు మళ్ళీ మారిందని అతను చూపించాడు.

“పాడవడం వేరు సార్. ఇది పాడవలేదు, మారింది. దానంతట అది మారదు. మనిషి చెయ్యి పడాలి.”

తమ్ముడు నా వైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను.

అతను వెళ్ళాక వాడు చాలా మెల్లగా మాట్లాడాడు. ఆదివారం వాళ్ళింట్లో అందరం కూర్చుందామన్నాడు. షాపు చిన్నక్క ఒక్కతే చూసుకోగలదన్నాడు. “ఇంకా ఎన్నాళ్ళు చేస్తావు పెద్దక్కా? మా ఇంటికి వచ్చెయ్యి. నీ గది నీకుంటుంది. ప్రార్థన చేసుకుంటూ హాయిగా ఉండు.”

చెల్లి ఇప్పటికే వాళ్ళింట్లో ఉంటోంది. ఇల్లు మంచిదే. మరదలు మంచిదే. కానీ షాపు లేకపోతే పొద్దున్నే మెట్లు దిగడానికి నాకు ఇంకేం పని ఉంది?

ప్రార్థన హాయిగా చేసుకునేది కాదు. ఆ మాట వాడికి చెప్పలేదు.


జూన్ 13, గురువారం

చెల్లికి ఫోను చేసి ఆదివారం సంగతి చెప్పాను. “తమ్ముడు చెప్పాడక్కా,” అంది. పొయ్యి మాట ఎత్తలేదు. ఫోను చెరో వైపు పట్టుకునే ఉన్నాం.


జూన్ 14, శుక్రవారం

పొద్దున ఇరవై ఉంది. సరిచేశాను.

సాయంత్రం కళ్ళజోడు కింద మరిచిపోయానని దిగాను. లోపలి తలుపు అద్దంలోంచి చూశాను.

ఇప్పుడు రాయలేను.


జూన్ 15, శనివారం

రాస్తాను.

చెల్లి కుర్చీని బాగా కిందికి దించుకుని, బల్ల మీదికి వాలి కూర్చుని ఉంది. నుదురు తెరకు తగులుతోంది. తెర మీద అక్షరాలు చిన్నపిల్లల వాచకంలో ఉన్నంత పెద్దగా ఉన్నాయి. ఎడమ కన్ను చేత్తో మూసుకుని, కుడి చేతి వేలు ఒక్కో మాట కింద పెట్టి చదువుకుంటోంది. వరస చివరికి వచ్చాక తరువాతి వరస దొరకక మళ్ళీ మొదటికి వెళ్తోంది. ప్రూఫు చూడడంలో దాని అంత చురుకైన కళ్ళు ఎవరికీ లేవని నాన్న అనేవాడు.

నేను రోజూ తుడిచే మరక దాని నుదుటిది. సోమవారం మరక ఎందుకు లేదంటే శనివారం అది రాలేదు, ఆదివారం సెలవు. పన్నెండు అందుకే నిలిచింది. తనకు కనపడడానికి అదే పెంచుకుంటోంది. మూసేటప్పుడు మెషీను అడిగితే నాన్న చెప్పినట్టు అవును అని నొక్కుతోంది. మధ్యాహ్నం నేను నా సైజు అచ్చులో దాస్తున్నాను, సాయంత్రం అది దాని సైజు దాస్తోంది.

మొదట నాకు సంతోషం వేసింది. అది కూడా రాయాలి. నా బుర్ర బాగానే ఉందన్న సంతోషం. మెట్లు ఎక్కేదాకా ఉంది. పైన కుర్చీ మీద దాని బదులు నా బట్టలు కనపడేసరికి పోయింది.

తరువాత కోపం. నన్ను మతిమరుపు మనిషిని చేస్తుంటే అది చూస్తూ ఊరుకుంది. అడిగితే అబద్ధమాడింది. ఆదివారం నన్ను పంపించేస్తారని తెలిసి కూడా నోరు మెదపలేదు.

రెండో కప్పు టీ చల్లారేలోపు కోపం కూడా పోయింది. నిజం ఒప్పుకుంటే దానికి మాత్రం ఏం మిగులుతుంది? తమ్ముడి ఇంట్లో కిటికీ పక్కన ఒక కుర్చీ. నేను దేనికి భయపడుతున్నానో అదీ దానికే భయపడుతోంది. ఒకే బల్ల దగ్గర, వేరువేరు వేళల్లో.

ఈ సాయంత్రం దిగి వెళ్ళాను. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

“ఏంటక్కా, ఈ వేళప్పుడు?”

కూర్చోవడానికి రెండో కుర్చీ లేదు. బల్లకు ఆనుకుని నిలబడ్డాను. “ఎన్నాళ్ళ నుంచి?” అన్నాను.

“ఏది?”

తెర మీది మరక మీద వేలు పెట్టాను. చివరికి తనే చెప్పింది.

“ఎడమ కన్నులో మధ్యన మబ్బులా ఉంటోంది. అమ్మ పోకముందు నుంచే. ఇప్పుడు కుడిదీ మొదలైంది.”

“డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా?”

“వెళ్తే చెప్పేస్తారు కదా.”

“అందుకా సాయంత్రాలకు మారావు?”

“పక్కన కూర్చుంటే నీకు తెలిసిపోదూ? నీ కళ్ళు రాతప్రతి మీదే ఉంటాయి గానీ చెవులు మాత్రం నా మీదే.”

“నేను నిన్నేదో అన్నాననుకున్నాను.”

“నువ్వా? నువ్వు ఎప్పుడన్నా ఏదన్నా అంటే కదక్కా. నీ నోట్లోంచి మాట రావాలంటే అప్లికేషను పెట్టుకోవాలి.”

ఇద్దరం నవ్వాం. ఈ షాపులో మేమిద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో.

కుడిమూల గీత మీది బిళ్ళను పక్కకు జరిపాను. పేజీ ఉబ్బింది. “అక్షరాలు పెంచనక్కర్లేదే చిట్టీ. పేజీని దగ్గరికి లాక్కుంటే చాలు. కాగితం మీద పన్నెండు పన్నెండుగానే వస్తుంది.”

వేలితో బిళ్ళ ఎక్కడుందో వెతుక్కుంది. నేను దాని చెయ్యి పట్టుకుని చూపించాను. అటూ ఇటూ జరిపి చూసింది. “ఇంతేనా,” అంది. “ఇంతేనా. ఇది తెలియక నీ పరువు తీశానా?” ఆ తరువాత చాలాసేపు ముక్కు తుడుచుకుంది.

“తమ్ముడికి చెప్పకక్కా.”

“నేను చెప్పను.”

నా ముఖంలోకి చూసింది. చూడగలిగినంత. “రేపు నిన్ను పంపించేస్తారు.”

“పంపిస్తే వెళ్తాను.”

బెదిరించడానికి అనలేదు. అదే నిజం. పైకి వచ్చేశాను.


జూన్ 16, ఆదివారం

పొద్దున ప్రార్థనలో అందరినీ తలుచుకున్నాను. చెల్లి దగ్గరికి వచ్చి ఆగాను. ఏం అడగాలో తెలియలేదు. దానికి ధైర్యం ఇవ్వమంటే నా చోటు నాకు మిగల్చమని అడిగినట్టవుతుంది. ఊరికే అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం తమ్ముడి ఇంట్లో నలుగురం కూర్చున్నాం. మరదలు నాలుగు కప్పుల టీ తెచ్చింది. తమ్ముడు ముందే అనుకుని పెట్టుకున్న మాటలు మొదలుపెట్టాడు. పెద్దక్క మనకోసం ఎంత చేసిందో, ఇప్పుడు విశ్రాంతి ఎంత అవసరమో. పదవీ విరమణ సభలో మాట్లాడినట్టు మాట్లాడాడు. నేను నా కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

“కాబట్టి రేపటి నుంచి షాపు చిన్నక్క...”

“ఆ పేజీలు మార్చింది నేను,” అంది చెల్లి.

“ఏ పేజీలు?”

“అన్నీ.”

“నువ్వెందుకు మారుస్తావు చిన్నక్కా?”

“కనపడక.”

మరదలు చేతిలోని ట్రే మెల్లగా కింద పెట్టింది. తమ్ముడు లేచి వచ్చి చెల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని కళ్ళ ముందు చెయ్యి ఆడించాడు.

“నీ ముఖం కనపడుతోంది లేరా. అంత సంబరపడకు,” అంది.

వాడు నవ్వలేదు. దాని మోకాలి మీద తల పెట్టుకున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగి, “పెద్దక్కా, నీకు తెలుసా?” అన్నాడు. నేను తల ఊపాను. “తెలిసీ రావడానికి ఒప్పుకున్నావా?” అన్నాడు. నేను కప్పులో మిగిలిన టీ తాగేశాను. వాడు మళ్ళీ అడగలేదు.

తరువాత అందరం కలిసి అనుకున్నవి ఇవి. మంగళవారం తమ్ముడు సెలవు పెట్టి చెల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు, నేనూ వెంట వెళ్తాను. ఆయన ఏం చెప్పినా ఇంటికి వచ్చాక నలుగురికీ దాచకుండా చెప్పుకోవాలి. నేను షాపులోనే ఉంటాను. సాయంత్రాలు షాపు తెరవం. చెల్లి పొద్దున్నే వస్తుంది, నేను టైపు చేస్తాను, అది పేజీని దగ్గరికి లాక్కుని ప్రూఫు చూస్తుంది, చూడగలిగినన్నాళ్ళు. అచ్చులో సైజు పన్నెండే ఉంటుంది, తెర మీద మాత్రం దానికి కనపడేంత పెద్దగా తెరుచుకునేలా స్క్రూడ్రైవరు చేత పెట్టించాలి. మూసేటప్పుడు మెషీను అడిగితే ఒకరినొకరు అడిగాకే నొక్కాలి. వకీలుగారికి తమ్ముడే ఫోను చేసి చెప్తానన్నాడు. ఏం చెప్పాలో నన్ను అడిగి చెప్పమన్నాను.

కుర్చీ మీద బట్టలు తీసేశాను. రేపు ఆఫీసుకు వెళ్తూ తమ్ముడు దాన్ని కిందికి దించి వెళ్ళాలి. షట్టరు మిగతా సగం తను వచ్చి ఎత్తుతానంది చెల్లి.